బాయి నుంచి ఇంటికి: సైకిలు, కల్లు, మన నాన్నల సాయంత్రాలు

మన బడి గురించి, గురువుల గురించి ఈ సంచికలో మిత్రులు చాలామంది రాస్తున్నారు. మనల్ని ఆ బడికి పంపిన నాన్నలు షిఫ్టు దిగి ఇంటికి ఎట్లా వచ్చేవారో కూడా ఒకచోట రాసిపెట్టుకోవాలి. ఆ దారిలో వారికి రెండు చిన్న సంతోషాలు ఉండేవి. ఒకటి సైకిలు, రెండోది కల్లు.

ఇల్లందు దగ్గర 1871లో విలియం కింగ్ బొగ్గును గుర్తించాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ ఏర్పడింది. 1920లో అది సింగరేణి కాలరీస్ అయింది. 1945లో నిజాం ప్రభుత్వం దానిలో మెజారిటీ వాటాలు కొన్నది. రామగుండం మీదుగా పోయే కాజీపేట–బల్లార్షా రైలుమార్గం 1929 నాటికే పూర్తయింది. 1960ల తొలినాళ్లకు ఈ గోదావరి ఒడ్డున బాయిలు మొదలయ్యాయి. ఖని వచ్చాకే గోదావరిఖని అనే పేరు వచ్చింది.

బాయి వచ్చినంత వేగంగా క్వార్టర్లు రాలేదు. మంథని, సుల్తానాబాద్, పెద్దపల్లి వైపు పల్లెల్లో ఇల్లూ పొలమూ ఉన్నవాళ్లు వాటిని వదులుకోకుండా బాయిలో మస్టర్ పడాలంటే సైకిలే దారి. స్వాతంత్ర్యం వచ్చాక దేశంలోనే సైకిళ్ల తయారీ పెరిగింది. 1949లో మద్రాసులో టీఐ సైకిల్స్, 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో మొదలయ్యాయి. అట్లా సైకిలు కార్మికునికి అందింది. భూమి లోపల వంగి, నల్లటి చీకట్లో ఎనిమిది గంటలు గడిపిన మనిషికి పైకొచ్చి సైకిలెక్కడమంటే వట్టి ప్రయాణం కాదు. నడుము నిటారుగా పెట్టుకొని, ముఖానికి గాలి తగిలించుకొనే మొదటి ఘడియ అదే. అదే సైకిలు మీద మనం సీటు అందక కైంచీ తొక్కుతూ మోకాళ్లు చెక్కుకొని నేర్చుకున్నాం.

ఆ దారిలోనే ఈతవనం, తాటివనం. గౌడన్న కూడా లొట్లు కట్టుకొని సైకిలు మీదే వచ్చేవాడు. కల్లులో ఒక సహజమైన కట్టుబాటు ఉంది. పొద్దున దించింది సాయంత్రానికి పులుస్తుంది, తెల్లారితే పనికిరాదు. దాచుకోవడానికి వీల్లేదు. దాని మత్తు సుమారు నాలుగైదు శాతం, మామూలు బీరుతో సమానం. నలుగురు కూర్చొని, గుడాలు నములుతూ, ఏ బాయిలో పైకప్పు కూలిందో, ఎవరికి ప్రమోషన్ వచ్చిందో మాట్లాడుకునేవారు.

అయితే ఈ కథను తీపిగా మాత్రమే చెప్పి ఊరుకుంటే మన అమ్మలకు అన్యాయం చేసినట్టే. కల్లు పక్కనే సారా ఉండేది. 1980లలో ‘వారుణి వాహిని’ పేరుతో ప్రభుత్వమే చౌక సారాను ప్యాకెట్లలో అమ్మించింది. జీతం రోజున భర్త జేబు ఖాళీ కాకముందే అందుకోవాలని సారాకొట్టు దాకా నడిచిన తల్లులు మన వాడల్లోనే ఉన్నారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోసమ్మ తదితర మహిళలు లేచి నిలబడ్డారు. 1993 అక్టోబర్ 1న సారా ఆగింది. 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించారు. తర్వాత కల్లును కూడా అనుమానంగా చూడాల్సిన రోజులొచ్చాయి. క్లోరల్ హైడ్రేట్, ఆల్ప్రాజోలం కలిపిన కల్తీకల్లు మన తెలంగాణలో ప్రాణాలు తీసింది.

1990ల మొదట్లో సింగరేణి కార్మికులు లక్షకు పైనే. ఇప్పుడు సుమారు నలభై వేలు. వాళ్లకు బైకులున్నాయి, కార్లున్నాయి. వైన్స్‌లో చల్లటి బీరు దొరుకుతుంది. కానీ నలుగురి మధ్య కూర్చొని గంటసేపు తాగిన ముంతకూ, రోడ్డు పక్కన నిలబడి పదినిమిషాల్లో ముగించే ‘స్ట్రాంగ్’ సీసాకూ చాలా తేడా ఉంది. అట్లాస్ చివరి కర్మాగారం 2020 జూన్ 3న మూతపడింది. ఆ రోజే ప్రపంచ సైకిల్ దినోత్సవం.

ఎక్కడో జర్మనీలో సగం బీరు, సగం నిమ్మ సోడా కలిపిన పానీయాన్ని ‘రాడ్లర్’ అంటారు. ఆ మాటకు అర్థం సైకిలు తొక్కేవాడు. అలసిన కాళ్లకు తేలికైన పానీయం చాలునని వాళ్లకూ తెలుసన్నమాట. మన నాన్నలకు ఆ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. సంతోషం కొలతలో ఉంటేనే అది ఇంటిదాకా వస్తుంది. కొలత తప్పితే ఇంటినే తాగేస్తుంది. ఈ రెండూ చూసి పెరిగిన తరం మనది.

కాబట్టి ఒక చిన్న ప్రతిపాదన. స్వర్ణోత్సవం నాటి పొద్దున మనమంతా బడి దగ్గరి నుంచి గోదావరి ఒడ్డు దాకా సైకిళ్ల మీద పోదాం. ఆ రోజుల్లో మనతో చదివినా సైకిలు చేతికందని ఆడపిల్లలు ఈసారి ముందువరుసలో ఉండాలి. పదవీ విరమణ చేసిన పెద్దలను పిలిచి, వాళ్ల దారులు ఎటు నుంచి ఎటు సాగేవో చెప్పించుకొని రాసుకుందాం. తొక్కుడంతా అయి సైకిళ్లు స్టాండు వేశాకే ముంత సంగతి. అలవాటు లేనివాళ్లకూ, మన గురువులకూ కొబ్బరినీళ్లు. సైకిలుకు మాత్రం అందరూ అర్హులే.