ఇంట్లో నాలుగు కంప్యూటర్లు, అన్నింట్లో ఒకే ఫోల్డర్: సింక్ పెట్టుకునే ముందు తెలుసుకోవాల్సినవి

షార్జాలో మా ఇంట్లో నాలుగు కంప్యూటర్లు ఉన్నాయి. మావారి ఆఫీసు ల్యాప్‌టాప్, పిల్లల స్కూలు ల్యాప్‌టాప్‌లు రెండు, హాల్లో అందరూ వాడే పాత డెస్క్‌టాప్. గల్ఫ్‌లో చాలా తెలుగు ఇళ్లలో లెక్క ఇంచుమించు ఇదే. పాస్‌పోర్టు, వీసా, ఎమిరేట్స్ ఐడీ కాపీలు, అటెస్టేషన్ చేయించిన డిగ్రీ సర్టిఫికెట్లు, అద్దె ఒప్పందం, పిల్లల టీకాల కార్డులు, ఊళ్లో అమ్మానాన్నల మెడికల్ రిపోర్టులు ఒక్కోటి ఒక్కో మెషీన్లో ఉంటాయి. కావాల్సిన రోజున మాత్రం ఏదీ చేతికి దొరకదు. ఎక్కడ మార్చినా అన్నిచోట్లా ఒకేలా ఉండేలా ఫోల్డర్లను కలిపి ఉంచడమే సింక్. బీఎస్సీ చదివాను కాబట్టి మా ఇంట్లో ఈ పని నాదే. నాకు తెలిసినంతలో చెబుతాను.

రెండు దారులు

మొదటిది క్లౌడ్. ఫైల్ ముందు కంపెనీ సర్వర్‌కు వెళ్తుంది, అక్కడి నుంచి మిగతా కంప్యూటర్లకు వస్తుంది. ఉచితంగా గూగుల్ డ్రైవ్ 15 జీబీ ఇస్తుంది. అయితే జీమెయిల్, ఫొటోలు కూడా అందులోనే సర్దుకోవాలి. వన్‌డ్రైవ్ 5 జీబీ, డ్రాప్‌బాక్స్ 2 జీబీ ఇస్తాయి. డాక్యుమెంట్ల వరకు ఇవి చాలు.

రెండోది నేరుగా ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కు. 2013 నుంచి ఉన్న సింక్‌థింగ్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఇలా చేస్తుంది. మధ్యలో ఏ కంపెనీ దగ్గరా మన ఫైళ్లు నిల్వ ఉండవు. కాకపోతే రెండు మెషీన్లూ ఒకే సమయంలో ఆన్‌లో ఉండాలి. హాల్లో డెస్క్‌టాప్‌ను రోజూ కాసేపు ఆన్‌లో ఉంచితే ఈ ఇబ్బంది తీరుతుంది.

పెద్ద ఫైల్లో చిన్న మార్పు చేస్తే మొత్తం మళ్లీ పంపాల్సిన పనిలేదు. ఫైల్‌ను ముక్కలుగా చేసి, ప్రతి ముక్కకూ ఒక గుర్తు లెక్కకట్టి, గుర్తు మారిన ముక్కలను మాత్రమే పంపే పద్ధతిని ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మాకెరాస్ 1996లో విడుదల చేసిన ఆర్‌సింక్ ప్రోగ్రామ్ బాగా ప్రచారంలోకి తెచ్చింది. సింక్‌థింగ్ కూడా ఇలా ముక్కల లెక్కతోనే నడుస్తుంది.

సింక్ వేరు, బ్యాకప్ వేరు

అన్నింటికన్నా ముఖ్యం ఇదే. సింక్‌కు మంచి చెడు తెలియదు. పిల్లాడు ఒక మెషీన్లో ఫోల్డర్ డిలీట్ చేస్తే మిగతా మూడింట్లోనూ పోతుంది. వైరస్ ఫైళ్లను పాడుచేస్తే ఆ పాడైనవే అన్నిచోట్లకూ చేరతాయి. గూగుల్ డ్రైవ్‌లో డిలీట్ చేసినవి 30 రోజులు ట్రాష్‌లో ఉంటాయి, ఆ తర్వాత ఉండవు. సింక్‌థింగ్‌లో పాత కాపీలను దాచే వెర్షనింగ్ దానంతటది ఆన్ అవదు, మనమే పెట్టుకోవాలి.

అందుకే ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొనుక్కోండి. నెలకోసారి కాపీ చేసి, వైరు తీసేసి బీరువాలో పెట్టండి. పాస్‌వర్డ్ పెట్టిన రెండో డిస్క్‌ను వేసవి సెలవులకు ఊరెళ్లినప్పుడు అమ్మావాళ్లింట్లో ఉంచండి. 2024 ఏప్రిల్ 16న ఇక్కడ పడిన వాన గుర్తుండే ఉంటుంది. అల్ ఐన్ దగ్గర ఖత్మ్ అల్ షక్లాలో 24 గంటల్లోపే 254.8 మిల్లీమీటర్లు కురిసింది. 1949లో రికార్డులు మొదలయ్యాక దేశంలో అంత వాన లేదని అధికారులు చెప్పారు. ఎన్నో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. కాపీలు ఎన్ని ఉన్నా అన్నీ ఒకే ఇంట్లో ఉంటే లాభం లేదు.

అకౌంట్ ఎవరిది?

మన వీసా చాలావరకు ఉద్యోగంతో ముడిపడి ఉంటుంది. ఉద్యోగం ఆగితే ల్యాప్‌టాప్ తిరిగి ఇచ్చేయాలి, ఆఫీసు అకౌంట్ కూడా మూసేస్తారు. పిల్లలు స్కూలు మారినా అంతే. సరిగ్గా అన్ని కాగితాలూ అవసరమయ్యే సమయం అదే. అందుకే ఇంటి ఫైళ్లు ఆఫీసు, స్కూలు అకౌంట్లలో పెట్టకండి. సొంత అకౌంట్‌లోనే, సొంత మెషీన్లోనే ఉంచండి.

ఇంకో విషయం. అకౌంట్ ఓటీపీ యూఏఈ నంబర్‌కు వస్తుంటే, దేశం వదిలి ఆ సిమ్ రద్దయ్యాక లాగిన్ అవడం కష్టం. అథెంటికేటర్ యాప్ పెట్టుకోండి. రికవరీ కోడ్లు కాగితం మీద రాసి పాస్‌పోర్టులతో పాటు దాచండి.

చిన్న చిన్న చిక్కులు

ఒకే ఫైల్‌ను ఇద్దరు రెండు చోట్ల మారిస్తే, ఈ ప్రోగ్రాములు సాధారణంగా రెండో కాపీని వేరే పేరుతో పక్కన పెడతాయి. తెరిచి చూడకుండా దాన్ని తీసేయకండి.

వన్‌డ్రైవ్‌లో ఫైల్ పక్కన మబ్బు గుర్తు ఉంటే అది మీ కంప్యూటర్లో లేదని అర్థం, నెట్ ఉంటేనే తెరుచుకుంటుంది. ముఖ్యమైన ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి, ఎప్పుడూ ఈ కంప్యూటర్లోనే ఉంచమనే ఆప్షన్ ఎంచుకోండి.

అను ఫాంట్లతో టైప్ చేసిన పాత శుభలేఖలు, నాన్నగారి రాతలు ఇంకో కంప్యూటర్లో తెరిస్తే పిచ్చి అక్షరాలు కనిపిస్తాయి. సింక్ ఫైల్‌ను తెస్తుంది కానీ ఫాంట్‌ను తేదు. ఆ ఫాంట్ ఉన్న మెషీన్లోనే పీడీఎఫ్‌గా చేసి పెట్టుకోండి.

పాస్‌పోర్టులు, బ్యాంకు కాగితాలు పిల్లల ల్యాప్‌టాప్‌లకు వెళ్లకూడదు. పెద్దలకో ఫోల్డర్, అందరికీ ఇంకోటి వేరుగా పెట్టండి.

అన్నీ అయ్యాక ఒక శనివారం రెండు పరీక్షలు చేయండి. వైఫై ఆపి, ప్రతి కంప్యూటర్లోనూ అక్కడ ఉండాల్సిన ఒక కాగితం తెరిచి చూడండి. తర్వాత ఉత్తుత్తి ఫైల్ ఒకటి డిలీట్ చేసి, బ్యాకప్ డిస్క్ నుంచి వెనక్కి తెచ్చుకోండి. రెండూ కుదిరితే మీ ఏర్పాటు సరిగ్గా ఉన్నట్టే.