ద్రాక్ష పందిళ్ల సికింద్రాబాద్

సికింద్రాబాద్ పుట్టుక వెనుక ఒక ఫ్రెంచ్ కథ ఉంది. నిజాం అలీఖాన్ కొలువులో సేనానిగా పేరు తెచ్చుకున్న రేమండ్ సొంత ప్రాంతం నైరుతి ఫ్రాన్స్‌లోని గాస్కనీ. ద్రాక్ష తోటలకూ, ఆర్మన్యాక్ అనే బ్రాందీకీ పెట్టింది పేరు ఆ నేల. 1755లో పుట్టిన రేమండ్ ఇరవై ఏళ్ల వయసులో పుదుచ్చేరి చేరాడు. ఆ తర్వాత హైదరాబాద్ వచ్చి నిజాం దళాలకు ఫ్రెంచ్ పద్ధతిలో శిక్షణ ఇచ్చాడు, ఫిరంగులు పోత పోయించాడు. నేటి గన్‌ఫౌండ్రీ ఆ కార్ఖానా గుర్తే. 1798 మార్చిలో కన్నుమూసిన అతని సమాధి మూసారాంబాగ్ దగ్గరి గుట్ట మీద ఇప్పటికీ ఉంది.

అదే ఏడాది సెప్టెంబర్‌లో నిజాం ఇంగ్లిషువారితో ఒప్పందం చేసుకున్నాడు. అక్టోబర్‌లో ఫ్రెంచ్ దళాలు ఆయుధాలు కింద పెట్టాయి. వాటి స్థానంలో వచ్చిన బ్రిటిష్ పటాలాలు హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన దిగాయి. ఆ దండుకే 1806లో నాటి నిజాం సికందర్ జా పేరు మీద సికింద్రాబాద్ అని పేరు పెట్టారు.

ఫ్రెంచివాళ్లు వెళ్లిపోయారు. వందేళ్లు గడిచాక, వాళ్ల సొంత ఊళ్లకు అన్నం పెట్టే పంటే పూర్తిగా వేరే దారిలో వచ్చి ఈ దండు చుట్టుపక్కల వేళ్లూనింది. అల్వాల్, కొంపల్లి, మేడ్చల్, శామీర్‌పేట, కీసర వైపు ఒకప్పుడు ఎటు చూసినా ద్రాక్ష పందిళ్లే. ఇవాళ అక్కడ ఫంక్షన్ హాళ్లు, అపార్ట్‌మెంట్లు, వెంచర్ల బోర్డులు. ఫ్రాన్స్ పల్లెలు మాత్రం తమ తోటలను నిలబెట్టుకున్నాయి. వాటిని చూడటానికి మన ఊళ్ల నుంచి కూడా జనం విమానమెక్కి వెళ్తున్నారు. వాళ్లు నిలబెట్టుకున్న తీరులో మనకు పనికొచ్చే పాఠం ఒకటుంది.

దౌలతాబాద్ నుంచి హైదరాబాద్ దాకా

దక్కన్‌కు ద్రాక్ష కొత్త కాదు. 14వ శతాబ్దంలో మహమ్మద్ బిన్ తుగ్లక్ రాజధానిని ఢిల్లీ నుంచి దౌలతాబాద్‌కు మార్చినప్పుడు జనంతో పాటు తీగలు కూడా దక్షిణాదికి వచ్చాయని ఉద్యాన శాస్త్రవేత్తలు చెబుతారు. ఆ శతాబ్దంలోనే దౌలతాబాద్ చూసిన మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా అక్కడి ద్రాక్షనూ దానిమ్మనూ మెచ్చుకుంటూ, అవి ఏడాదికి రెండుసార్లు కాస్తాయని రాశాడు. సికింద్రాబాద్ నుంచి ముంబై వెళ్లే దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఆ దౌలతాబాద్ మీదుగానే సాగి, నేటి ద్రాక్ష రాజధాని నాసిక్‌ను దాటుతుంది.

హైదరాబాద్ రాజ్యంలో ద్రాక్ష తోటల పెంపకం ఊపందుకున్నది 20వ శతాబ్దంలో. దానికి ప్రాణం పోసిన రకం అనాబ్-ఎ-షాహీ. రైతుల నోట అది ఒట్టి అనాబ్. దాన్ని దక్కన్‌కు పరిచయం చేసిన ఉద్యానకారుడిగా హైదరాబాద్‌కు చెందిన అబ్దుల్ బాకర్ ఖాన్ పేరు చెప్పుకుంటారు. పొడవాటి గుత్తి, కోలగా ఉండే లావుపాటి కాయ, పండితే తేనె రంగు. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే లోపలి గింజ కూడా కనిపిస్తుంది. హెక్టారుకు సగటున 35 టన్నుల దిగుబడి ఇవ్వగల రకమది. మన ఎర్ర చెల్కల్లో అంత కాపు కాసే తీగ దొరికేసరికి నగరం చుట్టూ తోటలు అల్లుకుపోయాయి. నగరంలో గిరాకీ ఉంది, సరుకు తరలించడానికి సికింద్రాబాద్ రైల్వే స్టేషన్ పక్కనే ఉంది. ఉమ్మడి రంగారెడ్డి జిల్లాకు ద్రాక్ష జిల్లా అన్న పేరొచ్చింది.

ఇంత పంట పండినా ఇక్కడ వైన్ పరిశ్రమ ఎందుకు పుట్టలేదన్న సందేహం రావచ్చు. జవాబు కాయలోనే ఉంది. వైన్‌కు చిన్న కాయ, మందపాటి తొక్క, ఇరవై శాతం దాటిన చక్కెర కావాలి. అనాబ్ కాయ పెద్దది, తొక్క పల్చన, రసం ఎక్కువ, తీపి 14 నుంచి 16 శాతం. అది పళ్లెంలో పెట్టుకు తినే పండు. మన ద్రాక్ష చరిత్ర సీసాలకు ఎక్కలేదు. బండి మీద, బుట్టలో, పెళ్లి విందులో సాగింది.

ఏడాదికి రెండు కత్తిరింపులు

ఫ్రాన్స్‌లో చలికాలం వస్తే తీగ ఆకు రాల్చి నిద్రపోతుంది. రైతు ఆ నిద్రలోనే ఒకసారి కొమ్మ కత్తిరిస్తాడు. మన దగ్గర తీగను నిద్రపుచ్చేంత చలి లేదు. వదిలేస్తే అది ఆకులు వేస్తూ పాకుతూనే ఉంటుంది, కాపు మాత్రం సరిగా రాదు. అందుకే దక్కన్ రైతు చలికాలం చేయాల్సిన పనిని కత్తెరతో చేయడం నేర్చుకున్నాడు.

ఏప్రిల్ ఎండల్లో మొదటి కత్తిరింపు. కొమ్మను మొదటి కణుపు దాకా కోసేస్తారు. కొత్త చిగుళ్లు వస్తాయి. ఆ వేసవి ఎండ తగిలిన కణుపుల్లోనే మరుసటి పంట పూమొగ్గ రహస్యంగా రూపు దిద్దుకుంటుంది. వానలు వెళ్లాక, అక్టోబర్‌లో రెండో కత్తిరింపు. ఈసారి ఆ ముదిరిన కొమ్మల మీద కొన్ని కణుపులు ఉంచి కోస్తారు. వాటి నుంచి వచ్చే చిగురుతో పాటు పూత, పిందె వస్తాయి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో కోత. ఏ కొమ్మ మీద ఎన్ని కణుపులు ఉంచాలో చూపుతోనే పోల్చుకునే కూలీలు ఆ తోటలకు నిజమైన ఇంజనీర్లు.

ఫ్రాన్స్‌లో తీగలు నడుం ఎత్తు వరుసల్లో నిలబడతాయి. ఇక్కడ తల మీద పందిరి. రాతి కడీలు పాతి, వాటి మీద ఇనుప తీగలు వలలా బిగించి, ద్రాక్షను పైకి పాకిస్తారు. పందిరి కింద నడిస్తే మిట్టమధ్యాహ్నం కూడా పచ్చని నీడ. గుత్తులు నేల వైపు వేలాడుతుంటాయి. ఆడకూలీలు చిన్న కత్తెరలతో గుత్తిలోని అదనపు కాయలను ఏరేస్తారు, అప్పుడే మిగిలినవి ఊరతాయి. కోత రోజు గుత్తిని కాడతోనే పట్టుకోవాలి. కాయ మీద చెయ్యి పడితే దానిపై ఉండే సన్నటి తెల్లని పొర చెరిగిపోతుంది, సరుకు నిగారింపు పోతుంది.

పందిరి వేయడమంటే రైతు పది పదిహేనేళ్ల జీవితాన్ని ఆ కడీలకు కట్టేయడమే. ఎకరాకు ఎన్ని రాళ్లు, ఎంత తీగ అని లెక్కలు వేసి, బ్యాంకు అప్పు చేసి, బోరు వేయించి దిగాల్సిన పంట ఇది.

పందిళ్లు ఎందుకు కూలాయి

కష్టాలు ఒక్కటొక్కటిగా వచ్చాయి. మొదటిది నీళ్లు. బోర్లు లోతుకు పోయాయి, ఉప్పదనం పెరిగింది. అప్పుడు దక్కన్ రైతులు ఫ్రాన్స్ చరిత్రలో ఉన్న ఉపాయాన్నే వాడారు. 1860లలో అమెరికా నుంచి వచ్చిన ఫిలాక్సెరా అనే వేరు పురుగు ఫ్రెంచ్ తోటలను ఊడ్చేసింది. ఆ పురుగును తట్టుకోగల అమెరికా అడవి ద్రాక్ష వేర్ల మీద తమ రకాలను అంటుకట్టి వాళ్లు తోటలను బతికించుకున్నారు. మన రైతులు కరవునూ ఉప్పునీటినీ తట్టుకోవడానికి టెక్సాస్ నేలకు చెందిన డాగ్‌రిడ్జ్ వేరు మీద అంట్లు కట్టారు.

రెండోది గింజ. నాసిక్, సాంగ్లీల నుంచి గింజ లేని థామ్సన్ సీడ్‌లెస్ రకం వచ్చి పడ్డాక కొనేవాళ్లు గింజ ఉన్న ద్రాక్షను పక్కన పెట్టారు. మూడోది బూజు తెగులు. అనాబ్‌కు దాన్ని తట్టుకునే శక్తి తక్కువ. వాతావరణం కాస్త మబ్బు పట్టినా మందులు కొట్టాల్సిందే. మార్చిలో ఒక్క వడగళ్ల వాన చాలు, ఏడాది కష్టం నేలపాలు.

వీటన్నిటినీ మించింది నాలుగోది, భూమి ధర. ఔటర్ రింగ్ రోడ్డు మేడ్చల్, శామీర్‌పేట, కీసరల పక్కగా వచ్చింది. తోట మీద వచ్చే రాబడికీ, అదే నేలను ప్లాట్లు చేస్తే వచ్చే డబ్బుకూ పోలికే లేకుండా పోయింది. తోట అమ్మిన రైతును తప్పుపట్టలేం. నిలబెట్టుకోవడానికి అతనికి ఏ ఆసరా ఉందని?

విచిత్రమేమిటంటే అనాబ్ వంశం పూర్తిగా అంతరించలేదు. దాని నుంచే వచ్చిన దిల్‌ఖుష్ రకం కర్ణాటకలో పచ్చగా ఉంది. తెలుగు మాట్లాడే రైతులు ఎందరో ఉన్న చిక్కబళ్లాపురం వైపు పందిళ్ల కింద దాన్ని చూడొచ్చు.

అమ్ముడుపోని సరుకుతో మొదలైన యాత్ర

ఫ్రాన్స్‌లో ద్రాక్ష తోటల యాత్రలు కలిమి రోజుల్లో పుట్టాయని అనుకుంటాం. నిజానికి అవి లేమిలో పుట్టాయి. 1930లలో ప్రపంచమంతా మాంద్యం. బర్గండీ పల్లెల్లో వైన్ పీపాలు కొనేవాడు లేక నిల్వ ఉండిపోయాయి. అప్పుడు న్వీ సాన్ జార్జ్ అనే చిన్న పట్టణంలో కామిల్ రోదియె, జార్జ్ ఫెవ్లే మరికొందరితో కలిసి 1934లో తాస్త్‌వాన్ పేరుతో ఒక సంఘం పెట్టారు. సరుకు ఎలాగూ అమ్ముడుపోవడం లేదు, నలుగురినీ మన ఊరికే పిలిచి విందు పెడదామన్నది వాళ్ల ఆలోచన. అతిథులు వచ్చారు, చూశారు, తాగారు, తమ ఊళ్లకు వెళ్లి చెప్పారు. 1937లో దిజోన్ నుంచి సాంత్నే దాకా దాదాపు 60 కిలోమీటర్ల దారిని ద్రాక్ష తోటల యాత్రా మార్గంగా ప్రకటించారు. 1938లో మొదలైన ఆనవాయితీ ప్రకారం జనవరిలో ఒక్కో ఊరు వంతు తీసుకుని ద్రాక్ష రైతుల కులదైవంలాంటి సెయింట్ విన్సెంట్ పండుగ జరుపుతోంది.

రెండో ప్రపంచ యుద్ధంలో నలిగిపోయిన అల్సాస్ ప్రాంతం 1953లో అదే బాట పట్టింది. మార్లెన్‌హైమ్ నుంచి తాన్ దాకా సుమారు 170 కిలోమీటర్ల మార్గం ఏర్పడింది. 1955లో గీత్ ద ఫ్రాన్స్ సమాఖ్య ఏర్పడి పల్లె ఇళ్లలో అతిథులు బస చేసే ఏర్పాటును దేశమంతా విస్తరించింది. తోట రైతుకు పంట డబ్బుతో పాటు గది అద్దె కూడా రాబడి అయింది.

పిలుపు ఒక్కటే సరిపోలేదు, చట్టం కూడా తోడు నిలిచింది. 1935 నాటి చట్టంతో ఏ ఊరి పేరు ఏ తోట వైన్‌కు చెల్లుతుందో ఖరారైంది. పేరుకు విలువ వచ్చింది కాబట్టి నేలకు విలువ వచ్చింది, ఆ విలువ తోటగా ఉన్నంత కాలమే. బర్గండీలోని రోమనే కోంతీ తోట విస్తీర్ణం 1.8 హెక్టార్లు, అంటే నాలుగున్నర ఎకరాలు. చుట్టూ పొట్టి రాతి గోడ, అంచున ఒక రాతి శిలువ. ప్రపంచం నలుమూలల నుంచి వచ్చినవాళ్లు ఆ గోడ ఇవతలే నిలబడి చూసి వెళ్తారు. బర్గండీలో అలాంటి 1,247 తోట ముక్కలను 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. అదే నాలుగున్నర ఎకరాలు మేడ్చల్‌లో ఉంటే ఏమయ్యేదో మనకు తెలుసు.

మన దారి

మన దేశంలో ఈ పాఠం ముందుగా పట్టుకున్నది నాసిక్. అక్కడి సులా వైన్ సంస్థ 2005లో తోటలోనే వైన్ రుచి చూపే గది తెరిచింది. ఇప్పుడు సికింద్రాబాద్ కుటుంబాలు కూడా షిర్డీ యాత్రతో పాటు అక్కడి తోటలను చూసి వస్తున్నాయి. మనకు మాత్రం వైన్‌తో పని లేకుండానే, పిల్లా పెద్దా కలిసి వెళ్లగలిగే యాత్రకు కావాల్సినవన్నీ ఉన్నాయి.

రాజేంద్రనగర్‌లోని ద్రాక్ష పరిశోధన కేంద్రం సీజన్‌లో నగరవాసులను పందిళ్ల కిందికి రానిచ్చి పదుల కొద్దీ రకాలను పరిచయం చేసింది. మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల మిగిలిన తోటల్లో కొందరు రైతులు, వచ్చినవాళ్లే గుత్తులు కోసుకుని తూకం వేయించుకునేలా ఏర్పాటు చేస్తున్నారు. అల్వాల్‌కు చెందిన చింతల వెంకట్‌రెడ్డి ద్రాక్ష రైతుగా పేరు తెచ్చుకుని, భూమి లోతు మట్టినే ఎరువుగా వాడే పద్ధతితో 2020లో పద్మశ్రీ అందుకున్నారు. సికింద్రాబాద్ పొలిమేరల్లోనే అంతటి రైతు ఉన్నారంటే ఈ నేల సత్తా వేరే చెప్పాలా? బొల్లారంలోని రాష్ట్రపతి నిలయం 2023 నుంచి ఏడాది పొడవునా సందర్శకులకు తలుపులు తెరిచింది. అది చూడటానికి వచ్చినవాళ్లకు ఇంకో అరగంట ప్రయాణంలో ద్రాక్ష తోట చూపించగలం.

ప్రభుత్వం చేయాల్సింది పెద్దగా లేదు. అల్వాల్ నుంచి మేడ్చల్, శామీర్‌పేట మీదుగా కీసర దాకా మిగిలిన తోటలను గుర్తించి, ఒక మార్గంగా ప్రకటించి, దారి చూపే బోర్డులు పెట్టాలి. పర్యాటక శాఖ ఫిబ్రవరి, మార్చి నెలల్లో సికింద్రాబాద్ నుంచి బస్సు నడపాలి. పాఠశాలల విహారయాత్రల జాబితాలో తోటను చేర్చాలి. పందిరిని తోటగానే ఉంచి అనాబ్ సాగు చేసే రైతుకు బ్యాంకు వడ్డీలోనైనా ఊరట ఇవ్వాలి. గింజ ఉందని తోసేసిన ఆ పండు రుచి, తోటలో కోసి తిన్నవాడికి కొత్తగా తెలుస్తుంది. అడిగి కొనేవాడు పుడితే పందిరి వేసేవాడు పుడతాడు. బర్గండీ అనుభవం చెబుతున్నది అదే.

పాఠకులకు ఒక మనవి. వచ్చే ఫిబ్రవరిలో ఒక ఆదివారం మాల్‌కు బదులు పిల్లలను తీసుకుని మేడ్చల్ వైపు వెళ్లండి. ముందుగా ఫోన్ చేసి, రైతు అనుమతితో తోటలోకి అడుగు పెట్టండి. గుత్తిని కాడతో పట్టుకుని కోయడం పిల్లలకు నేర్పండి. అనాబ్ దొరికితే అడిగి మరీ కొనండి, బేరమాడకుండా డబ్బు రైతు చేతిలోనే పెట్టండి.