తలుపు మూయని ఇల్లు

ప్రియ చదువరీ, మన కోనసీమలోని మండువా లోగిళ్లను నీవు చూచియుందువు. నాలుగు ప్రక్కల వసారాలు, నడుమ ఆకాశమునకు తెరచిన మండువా. వాన కురిసిన చూరుల నీరంతయు అందులోనే పడును. టేకు స్తంభములను చూచి, ‘దీనిని ఎవరు కట్టించిరి?’ అని అడుగుదుము. ‘ఇందులో ఎవరు భుజించిరి?’ అని అడుగువారు అరుదు.

లంకల గన్నవరములో ఒక ఇల్లు పేరుపొందినది ఈ రెండవ ప్రశ్నవలననే. 1841లో మండపేటలో పుట్టిన సీతమ్మగారు, డొక్కా జోగన్నగారి భార్యయై ఆ ఇల్లు చేరిరి. వైనతేయ గోదావరి దాటిపోవు బాటసారులు ఆకలితో ఆ గుమ్మము తొక్కెడివారు. పగలనక, రేయనక, కులమేదని అడుగక ఆమె వండి వడ్డించిరి. ఆస్తి తరిగినను పొయ్యి ఆరలేదని పెద్దలు చెప్పుదురు. 1903లో ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకోత్సవ సందర్భమున ఆమె ఛాయాచిత్రమును కోరి తెప్పించుకొనిరని ప్రసిద్ధి. 1909లో ఆమె కన్నుమూసిరి. నేడు గన్నవరమున వైనతేయపై కాలువను దాటించు అక్విడెక్టుకు ఆమె పేరే పెట్టిరి.

చదువరీ, నీది పెంకుటిల్లు కావచ్చును, తాటాకు పాక కావచ్చును. రాత్రివేళ ఆకలితో తలుపు తట్టిన వానికి అది ఏమని బదులు చెప్పును?