స్టార్ ఫెర్రీ

స్టార్ ఫెర్రీ హాంకాంగ్‌లో విక్టోరియా రేవుకు ఈ దరినీ ఆ దరినీ కలిపే పడవల సర్వీసు. హాంకాంగ్ దీవిలోని సెంట్రల్ నుంచి కౌలూన్ వైపున్న చిమ్ షా చుయ్ చేరడానికి సుమారు పది నిమిషాలు పడుతుంది. 1888లో దొరాబ్జీ నౌరోజీ అనే పార్సీ వ్యాపారి దీన్ని కౌలూన్ ఫెర్రీ కంపెనీగా మొదలుపెట్టాడు. 1898లో ఇప్పటి పేరు వచ్చింది. పడవల పేర్లన్నీ ‘స్టార్’ అనే మాటతోనే ముగుస్తాయి.

ఆకుపచ్చ, తెలుపు రంగుల ఈ పడవలకు ముందూ వెనకా తేడా లేదు. వచ్చిన దారినే, తిరగకుండా వెళ్లిపోతాయి. తిరిగేది బల్లల వీపులే: ప్రయాణికులు వాటిని అటు నెట్టి, వెళ్లే దిక్కుకు ముఖం పెట్టి కూర్చుంటారు. పై అంతస్తు టికెట్టు కాస్త ఎక్కువ, చూపు కూడా ఎక్కువే. 1966లో పై తరగతి ఛార్జీని 5 సెంట్లు పెంచితే నిరసన మొదలై అల్లర్ల దాకా వెళ్లింది.

1972లో రేవు కింద రోడ్డు సొరంగం, తర్వాత మెట్రో వచ్చాయి. తొందర ఉన్నవాళ్లు అటు మళ్లారు. సముద్రాన్ని పూడ్చడంతో 2006లో సెంట్రల్ పడవల రేవు కొత్త చోటికి జరిగింది. పాతదాన్ని పడగొట్టవద్దని జనం పోరాడినా ఆగలేదు.

యాత్రికులకు సాయంత్రం మేలు. చిమ్ షా చుయ్‌లో దిగగానే పాత రైల్వే స్టేషన్‌లో మిగిలిన గడియార స్తంభం కనిపిస్తుంది. రాత్రి 8కి ఎదుటి భవనాలపై దీపాల ప్రదర్శన మొదలవుతుంది. మన తిండి మీదికి మనసు పోతే, నాథన్ రోడ్డులోని చుంగ్‌కింగ్ మాన్షన్స్ భవనంలో భారతీయ హోటళ్లున్నాయి.