బస్తర్ పాట: వలయం నుంచి వేదికకు

1965 జూలై 25న అమెరికాలోని న్యూపోర్ట్ జానపద సంగీతోత్సవంలో బాబ్ డిలాన్ విద్యుత్ గిటారుతో, రాక్ వాద్యబృందంతో వేదిక ఎక్కాడు. అంతవరకు సాదా గిటారుతో, హార్మోనికాతో ఒంటరిగా పాడిన గాయకుడు శైలి మార్చడం కొందరు శ్రోతలకు ద్రోహంగా తోచింది. హేళన కేకలు చెలరేగాయి. మరుసటి ఏడాది మే 17న మాంచెస్టరులో ఒక శ్రోత అతన్ని క్రీస్తును పట్టించిన యూదా పేరుతో పిలిచాడు. ఆ గాయకునికే 2016లో నోబెల్ సాహిత్య బహుమతి లభించింది. శ్రోత ఆశాభంగం ఎంత గాఢమైనదైనా, అదొక్కటే కళకు కొలమానం కాజాలదు. బస్తర్ పాట మారిపోయిందన్న విచారాన్ని పరిశీలించేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవలసి ఉంటుంది. అయితే బస్తర్‌లో ప్రశ్న మరింత లోతైనది.

బస్తర్ తెలుగువారికి పరాయి సీమ కాదు. ఓరుగల్లు పతనానంతరం కాకతీయ ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు అక్కడ రాజ్యం స్థాపించాడని ప్రతీతి. కోంటా ప్రాంతపు దోర్లాల మాటలో తెలుగు ఛాయలు కనిపిస్తాయి. బస్తర్ గోండుల పాటలలో వినిపించే 'రేలా' పల్లవి గోదావరి తీరపు కోయల పాటలలోనూ వినిపిస్తుంది.

మురియా యువతీయువకుల నివాసమైన గోటుల్‌ను గురించి వెరియర్ ఎల్విన్ 1947లో బృహద్గ్రంథం వెలువరించాడు. గోటుల్‌ను నెలకొల్పిన దైవం లింగో పేన్ పద్దెనిమిది వాద్యాలను ఒకేసారి వాయించగలవాడని మురియాల పురాగాథ. గోటుల్ వారికి క్రీడాస్థలమే కాదు, సంగీత పాఠశాల కూడా. చెలిక్‌లు అనబడే యువకులు, మోటియారీలు అనబడే యువతులు పాటకు పాట అందించుకుంటూ వలయంగా ఆడతారు. ఆ వలయంలో శ్రోత అనే వేరు వ్యక్తి లేడు. పాడేవారే వినేవారు.

హల్బీ మాట్లాడే స్త్రీల ధన్‌కుల్ వాద్యం మరొక ఉదాహరణ. కుండ మూతిపై చేటను బోర్లించి, దానిపై విల్లు ఆనిస్తారు. విల్లు బద్దపై ఉన్న గాట్లను వెదురు పుల్లతో గీరుతూ, రెండవ చేత నారిని మీటుతారు. కుండలోని గాలి ఆ నాదాన్ని గంభీరం చేస్తుంది. ఇంటి పనిముట్లే వాద్యమై, గురుమాయిలు రాత్రుల తరబడి జాగర్ గాథలు గానం చేస్తారు. గురుమాయి సుక్‌దాయి గానం చేసిన లక్ష్మీ జాగర్‌ను కొండగావ్‌కు చెందిన హరిహర్ వైష్ణవ్, మానవశాస్త్రజ్ఞుడు క్రిస్ గ్రెగరీ 2003లో గ్రంథరూపంలో ప్రకటించారు.

వేదిక ఈ సంగీతానికి కొత్త నియమాలు తెచ్చింది. రాత్రంతా సాగే పాట నిమిషాలకు కుదించుకుంది. వలయం విడివడి, ప్రేక్షకులకు అభిముఖంగా వరుస అయింది. ధన్‌కుల్ మెత్తని నాదం మైకు లేనిదే ముందు వరుసను దాటదు. 2019 డిసెంబరులో రాయపూర్‌లో జరిగిన జాతీయ గిరిజన నృత్యోత్సవం వంటి సభలు కళాకారులకు గౌరవాన్ని, విస్తృత పరిచయాన్ని కల్పించాయి. అంతరిస్తున్న వాద్యాలను సేకరించి 'బస్తర్ బ్యాండ్' నెలకొల్పిన అనూప్ రంజన్ పాండే 2019లో పద్మశ్రీ పొందారు. ఈ కృషిని తక్కువ చేయరాదు. మరోవైపు, సుక్మా జిల్లా బాలుడొకడు పాఠశాలలో పాడిన హిందీ సినీఫక్కీ పాట 2021లో దేశమంతటా మారుమోగింది. ర్యాప్ గాయకుడు బాద్‌షా దానికి కొత్త రూపమిచ్చాడు. బస్తర్ గొంతు అంత దూరం చేరడం ఆనందకరమే. కాని అలా చేరినది గోండీ పాట కాదు, హల్బీ పాట కాదు.

ఇందుకు విచారించేవారు స్వచ్ఛతను కొలమానం చేసుకుంటే పొరబడతారు. ఒడియా, మరాఠీ, ఛత్తీస్‌గఢీల కలయికతో రూపొందిన హల్బీయే ఆ సీమలో ఇరుగుపొరుగు జాతులను కలిపిన భాష. కలయిక అక్కడి సంస్కృతికి కొత్త కాదు. కొత్త వాద్యం చేరినంత మాత్రాన పాట చావదు. నిజమైన నష్టం పాడేవారు ప్రేక్షకులుగా మారడంలో ఉంది. బడులు, వసతిగృహాలు యువతను గోటుల్‌కు దూరం చేశాయి. 2005 తర్వాత చెలరేగిన హింస ఊళ్లను ఖాళీ చేయించింది. అనేక కుటుంబాలు గోదావరి పరీవాహక అడవులకు తరలివచ్చాయి. ఊరు చెదిరితే వలయం చెదురుతుంది. వలయం చెదిరితే పాట నేర్పేవారు, నేర్చేవారు ఒకచోట ఉండరు.

డిలాన్ మారినప్పుడు శ్రోతలు తమకు నచ్చిన గాయకుణ్ణి పోగొట్టుకున్నామని బాధపడ్డారు. బస్తర్‌లో వలయం చెదిరితే ఒక ఊరు పాడే శక్తినే పోగొట్టుకుంటుంది. అందువల్ల ఉత్సవ నిర్వాహకులు ఎన్ని బృందాలు వేదిక ఎక్కాయన్న లెక్కతో తృప్తి పడరాదు. వేదిక దిగి ఊరు చేరిన బృందంతో ఎందరు పిల్లలు గొంతు కలుపుతున్నారో కూడా గమనించాలి. బస్తర్ పాట భవిష్యత్తు ఆ గొంతులమీదనే ఆధారపడి ఉంది.