తాగని రోజు సంగతి

మన మద్రాసు పాత ముచ్చట్లలో ఈసారి తాగుడు సంగతి. మన ఇళ్లలో లేనిదేం కాదు కదా!

1937లో రాజాజీ సేలం జిల్లాలో మద్యనిషేధం పెట్టారు. 1948కి అది ఉమ్మడి మద్రాసు రాష్ట్రమంతా వచ్చింది, అంటే మన నెల్లూరు, చిత్తూరుకు కూడా. 1971లో తమిళనాడులో ఎత్తేశారు. 1983లో టాస్మాక్ పుట్టింది, 2003 నుంచి చిల్లర అమ్మకమూ దాని చేతికే వచ్చింది. ఇదంతా దుకాణం చరిత్ర. తాగేవాడి చరిత్ర వేరు.

శాంతి రంగనాథన్ గారి భర్త 1979లో తాగుడు వల్లే పోయారు. మరుసటి ఏడే ఆమె ఆయన పేరున ఇక్కడ టి.టి. రంగనాథన్ క్లినికల్ రీసెర్చ్ ఫౌండేషన్ పెట్టారు. ఇందిరానగర్ ఆసుపత్రి అదే. తాగుడు దుర్గుణం కాదు, జబ్బు అన్నారు. తాగేవాడితో పాటు ఇంటివాళ్లనీ కూర్చోబెట్టి మాట్లాడారు. ఆ రోజుల్లో భార్యని పిలిచి నీ సంగతేమిటమ్మా అని అడిగినవాళ్లెవరు?

దానికి రెండేళ్ల ముందు, 1978లో, అమెరికాలోని మిల్వాకీలో స్టీవ్ డి షేజర్, ఆయన భార్య ఇన్సూ కిమ్ బర్గ్ ఒక చిన్న కేంద్రం తెరిచారు. ఈవిడ కొరియాలో పుట్టినావిడ. ఈ రెండు చోట్లకీ సంబంధం ఉందని మేము అనడం లేదు, దారులు వేరు. మిల్వాకీ వాళ్లు ఎందుకు తాగుతున్నావని తవ్వలేదు. తాగకుండా గడిచిన రోజు ఏదైనా ఉందా, ఆ రోజు ఏం చేశావు అని అడిగారు. సున్నా నుంచి పది దాకా నీకు నువ్వు ఎన్ని మార్కులు వేసుకుంటావనీ అడిగేవారు. మూడు అంటే, మరి రెండు ఎందుకు కాలేదు అనేది తర్వాతి ప్రశ్న. అందులోంచి తన బలం ఏమిటో అతనే చెబుతాడు. కొద్ది విడతల్లోనే పని సాగేది. మాటలతోనే అన్నీ అయిపోతాయని కాదు. బాగా తాగేవాళ్లు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, ముందు డాక్టరు చూడాల్సిందే.

ఇది ఇప్పుడు ఎందుకు రాస్తున్నామంటే, మా కమిటీ చేసిన పని ఒకటుంది. కొన్నేళ్ల క్రితం మన సభ్యుడొకాయన్ని ఆఫీసు గదిలో కూర్చోబెట్టి పెద్దలం అయిదుగురం రెండు గంటలు నిలదీశాం. ఎందుకు తాగుతున్నావు, పిల్లల మొహం చూడవా అని. ఆయన తల దించుకుని విన్నాడు, లేచి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఉగాదికి కూడా రాలేదు. భార్య మాత్రం ఒకసారి కనబడి అంది: "శుక్రవారాలు ముట్టుకోరండీ, ఆ రోజు పిల్లదాన్ని సంగీతం క్లాసుకి తీసుకెళ్తారు."

ఆ శుక్రవారం గురించి మాలో ఒక్కరమూ అడగలేదు.

ఈ ఆదివారం మేము ఇద్దరం వాళ్లింటికి వెళ్తున్నాం. అయిదుగురం కాదు, ఇద్దరమే. పిల్ల సంగీతం ఎలా సాగుతోందో అడగడానికి.