జైల్లో ఆడవాళ్ళ మనసు – ములాఖత్ తప్పితే ఏమవుతుంది?

బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ ఒక మానసిక రుగ్మత. ఇది నటన కాదు, గాలి సోకడం అసలే కాదు. పొద్దున ప్రాణంగా అనిపించిన మనిషి సాయంత్రానికి శత్రువులా కనిపిస్తారు. కోపం ఆగదు, లోపల ఖాళీగా ఉంటుంది, కొందరు చేతులు కోసుకుంటారు. అన్నిటికీ అడుగున ఉండేది ఒకటే భయం: నావాళ్ళు నన్ను వదిలేస్తారు. మానసిక వైద్యుల వర్గీకరణలో ఈ జబ్బుకు 1980లో చోటు దొరికింది. బయట జనంలో నూటికి ఒకరిద్దరికే ఉండే ఈ సమస్య మహిళా జైళ్ళలో చాలా ఎక్కువని అనేక దేశాల పరిశోధనలు చెప్తున్నాయి.

చిన్నప్పుడు దెబ్బలు, లైంగిక హింస, నిరాదరణ చూసినవాళ్ళలో కొన్ని ఆలోచనలు పాతుకుపోతాయి. ‘నేను చెడ్డదాన్ని’, ‘ఎవరినీ నమ్మకూడదు’ లాంటివి. అమెరికా మనస్తత్వవేత్త జెఫ్రీ యంగ్ వీటిని స్కీమాలు అన్నారు, 18 రకాలుగా విడదీశారు. జైలు వీటిని రోజూ నిజమేనని చూపిస్తున్నట్టు ఉంటుంది.

ఆంధ్రప్రదేశ్‌లో మహిళల ప్రత్యేక జైలు ఒకటి రాజమహేంద్రవరంలో ఉంది. బుచ్చిరెడ్డిపాలెం మనిషికి శిక్షపడి అక్కడికి పంపితే ఇంటివాళ్ళు 400 కిలోమీటర్ల పైన వెళ్ళాలి. కూలి పోతుంది, ఛార్జీలు ఉండవు, ములాఖత్ తప్పుతుంది. మామూలు మనిషి బాధపడి ఊరుకుంటుంది. ఈ జబ్బున్న ఆమెకు మాత్రం అది ‘అమ్మీ నన్ను వదిలేసింది’ అన్న తీర్పు. ఆ రాత్రి అరుస్తుంది, చెయ్యి కోసుకుంటుంది. చూసేవాళ్ళకు అది మొండితనంగానే కనిపిస్తుంది. అందుకే రాలేమని తెలిస్తే ముందే కబురు పెట్టాలి, ఈ-ములాఖత్‌లో వీడియోలోనైనా కనిపించాలి. వస్తామని చెప్పి మానడం కంటే రాలేమని చెప్పడమే నయం.

జబ్బు ఉందో లేదో సైకియాట్రిస్టే తేల్చాలి. దువా చేయించుకున్నా, తాయెత్తు కట్టినా డాక్టరును మానకూడదు. దీన్ని పూర్తిగా తగ్గించే మాత్ర అంటూ లేదు. మాటలతో, అభ్యాసంతో చేసే వైద్యమే ముఖ్యం. అందులో పేరున్న డీబీటీ పద్ధతిని తయారుచేసిన మార్షా లినెహాన్, తానూ వయసులో ఉండగా ఆస్పత్రి పాలైనదాన్నేనని 2011లో బయటపెట్టారు. చాలామంది ఏళ్ళు గడిచేకొద్దీ కుదుటపడతారు.

మెంటల్ హెల్త్‌కేర్ చట్టం, 2017లోని 103వ సెక్షన్ ప్రకారం ప్రతి రాష్ట్రంలో కనీసం ఒక జైలు వైద్య విభాగంలో మానసిక చికిత్సా కేంద్రం ఉండాలి. చికిత్స అడగడం దయ కోరడం కాదు, హక్కు. పాత చీటీలు, మందుల పేర్లు ఉంటే జైలు డాక్టరుకు అందజేయాలి. వినకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు అర్జీ పెట్టొచ్చు. ఆడవాళ్ళకు, ఖైదీలకు ఆదాయంతో పనిలేకుండా లాయరును ఉచితంగా ఇస్తారు, నంబరు 15100. ఇంట్లోవాళ్ళు సలహాకు టెలీ-మానస్ 14416కు ఫోన్ చేయొచ్చు. తెలుగులో మాట్లాడతారు.